గోడ అవతలి సముద్రం

2001 అక్టోబరులో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో దిగిన మొదటి వారం నాకు నిద్ర పట్టలేదు. వాక్లీ అనే పేటలో, కొండ వాలు మీద మెట్లు మెట్లుగా కట్టిన ఇళ్ళ వరసలో ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాను. మన రైల్వే క్వార్టర్స్ లాగా రెండిళ్ళకు మధ్య ఒకటే గోడ. పక్కింట్లో దగ్గితే మనకు వినిపిస్తుంది. మంచం మీద పడుకుని కప్పు చూస్తూ ఉంటే, ఒంటిగంటకు పావుగంట ఉందనగా గోడ అవతల సన్నగా ఏదో పాత వాద్యసంగీతం మొదలయ్యేది. ఉయ్యాల ఊపుతున్నట్టుండే బాణీ. అది ఆగాక ఒక గొంతు, హెచ్చూ తగ్గూ లేకుండా, వరసగా ఏవో పేర్లు చదివేది. పేరు, దాని తర్వాత నాలుగు ముక్కలు, చిన్న విరామం, మళ్ళీ ఇంకో పేరు. ఇలా ఓ పది నిమిషాలు. చివర్లో వాళ్ళ జాతీయగీతం. ఆపైన టక్కున నిశ్శబ్దం.

పక్కింట్లో డెబ్బై ఏళ్ళ ముసలావిడ ఒక్కతే ఉంటుందని అప్పటికే తెలుసు. పాపం, పడుకోబోయే ముందు ఏదో పారాయణం పెట్టుకుంటున్నట్టుంది అనుకున్నాను. మా నాయనమ్మ విష్ణుసహస్రనామం వినకుండా నడుం వాల్చేది కాదు. ఎవరి దేవుడు వాళ్ళకు.

నెల రోజులయ్యాక ధైర్యం చేసి అడిగాను, రాత్రిళ్ళు మీరు వినే ప్రార్థన ఏమిటండీ అని. ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి, నవ్వాపుకోలేక గేటు పట్టుకుంది. "అది ప్రార్థన కాదు, లవ్. షిప్పింగ్ ఫోర్‌కాస్ట్." సముద్రం మీది ఓడలకు రేడియోలో చెప్పే వాతావరణ సమాచారం అన్నమాట.

ఆ "లవ్" గురించి చెప్పాలి. షెఫీల్డ్‌లో ఎవరు ఎవరినైనా లవ్ అంటారు. మొదటిరోజు బస్సు ఎక్కితే, మోచేతి దాకా పచ్చబొట్లున్న డ్రైవరు చిల్లర చేతిలో పెట్టి "థాంక్యూ లవ్" అన్నాడు. నేను బిత్తరపోయి వెళ్ళి చివరి సీటులో కూర్చున్నాను. అది మన "నాయనా", "అబ్బాయ్" లాంటిదని తెలియడానికి వారం పట్టింది. ఇప్పటికీ ఇంగ్లీషులో నాకు అన్నిటికంటే ఇష్టమైన పిలుపు అదే.

బ్రిటిషువాళ్ళలో నీకు నచ్చిందేమిటని ఎవరైనా అడిగితే నేను కాస్త ఆలోచిస్తాను. ఆ ప్రశ్న మనకు అంత తేలిక కాదు కదా. కృష్ణ మీద 1855లో ఆనకట్ట కట్టి మా డెల్టాకు అన్నం పెట్టిందీ వాళ్ళ పాలనే, 1833లో గుంటూరు సీమలో జనం ఆకలితో రాలిపోతుంటే చూస్తూ కూర్చున్నదీ వాళ్ళ పాలనే. నేను దిగిన ఏడాది లోకం కూడా అంత ప్రశాంతంగా లేదు. సందె చీకట్లో నడిచి వస్తుంటే కారు కిటికీలోంచి ఎవడో ఏదో అరిచి పోవడం రెండు మూడుసార్లు జరిగింది. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడేది. ఉడకబెట్టిన క్యాబేజీ వాసన కూడా నాకు ఎనిమిదేళ్ళయినా అలవాటు కాలేదు. రాణిగారు, రాజభవనాలు, గుర్రాల కవాతు... వాటిని ఒకసారి లండన్ వెళ్ళి చూసొచ్చాను, అంతే. నాకు నచ్చినవన్నీ చిన్న చిన్నవి. వాటిలో సగం ఆ గోడ అవతలి నుంచే వచ్చాయి.

మొదట టీ సంగతి. ఆ గేటు దగ్గర నవ్వు అయ్యాక ఆవిడ "శనివారం ఐదున్నరకి టీకి రా" అంది. టీ అంటే టీ అనుకున్నాను. వెళ్ళే ముందు, ఎలాగూ రాత్రికి వండుకునే ఓపిక ఉండదని, చారన్నం, వేపుడు, పెరుగన్నం కడుపునిండా తిని వెళ్ళాను. బల్ల మీద చూస్తే పళ్ళెం నిండా బంగాళాదుంపల ముద్ద, బఠాణీలు, గుడ్లు, జున్ను వేసి కాల్చిన వంటకం, దాని వెనకాల కస్టర్డ్ పోసిన పిండివంట. ఉత్తరాదిన, అందునా యార్క్‌షైర్‌లో, మధ్యాహ్నం తినేది డిన్నరు, సాయంత్రం తినే భోజనం టీ. తాగే టీ కూడా టీయే. ఏది ఏదో సందర్భాన్ని బట్టి మనమే తెలుసుకోవాలి. పెద్దావిడ ప్రేమగా వడ్డిస్తుంటే వద్దనలేక రెండో భోజనం కూడా చేశాను. అన్నీ తిన్నాక అసలు టీ వచ్చింది. పాలు పోశాక కూడా ఇటుక రంగు పోని టీ.

నేను చేసే ఉద్యోగం కరెంటుది. విద్యుత్ బోర్డు రోజుల నుంచీ లోడ్ లెక్కలతోనే నా జీవితం. అక్కడ ఆఫీసులో నాకు చెప్పిన మొదటి కథ కూడా టీ గురించే. 1990 జులై 4న ప్రపంచకప్ సెమీఫైనల్లో ఇంగ్లండు పెనాల్టీలలో పశ్చిమ జర్మనీ చేతిలో ఓడిపోయింది. ఆట ముగిసిన మరుక్షణం దేశం మొత్తం లేచి వంటింట్లోకి నడిచింది, టీ కెటిల్ నొక్కింది. గ్రిడ్ మీద ఒక్కసారిగా 2,800 మెగావాట్ల లోడ్ పెరిగింది. ఒక్కో కెటిల్ మూడు కిలోవాట్లు లాగుతుంది, మీరే లెక్కేసుకోండి. ఇలాంటి ఘడియ కోసమే వేల్స్‌లో ఒక కొండను తొలిచి డినోర్విగ్ అనే పంప్డ్ స్టోరేజీ కేంద్రం కట్టుకున్నారు. రాత్రిపూట నీళ్ళు పైకి తోడి పెట్టుకుంటారు, అవసరం పడితే కొన్ని క్షణాల్లోనే కరెంటు ఇచ్చేస్తుంది. మన శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం చేసే పని లాంటిదే. తేడా ఒకటే. టీవీలో ఏ కార్యక్రమం ఎప్పుడు అయిపోతుందో చూసుకుంటూ కూర్చునే ఉద్యోగి అక్కడ కంట్రోల్ రూములో ఉంటాడు. మా రోజుల్లో మేమైతే లోడ్ పెరిగితే ఫీడరు తీసేసి ఊళ్ళకు కరెంటు ఆపేసేవాళ్ళం. ఓడిపోయిన ఏడుపుకి కూడా కెటిల్ పెట్టే జాతి అని ఆ రోజే నాకు వాళ్ళంటే ఓ అభిమానం పుట్టింది.

ఇక ఆ పారాయణం. రెండోసారి టీకి వెళ్ళినప్పుడు ఆవిడ నాకు ఒక పటం చూపించింది. బ్రిటన్ చుట్టూ ఉన్న సముద్రాన్ని 31 ముక్కలు చేసి, ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టారు. వైకింగ్, నార్త్ ఉట్సీరా, సౌత్ ఉట్సీరా, ఫోర్టీస్, క్రోమార్టీ, ఫోర్త్, టైన్, డాగర్, ఫిషర్, జర్మన్ బైట్, హంబర్, థేమ్స్, డోవర్... నార్వే దగ్గర మొదలుపెట్టి గడియారం ముల్లు తిరిగే దిక్కుగా దీవి మొత్తం ఒక ప్రదక్షిణ. చివరకు ఐస్‌లాండ్ దగ్గర ఆగుతుంది. రోజూ అదే వరస, ఒక్క పేరు అటు ఇటు కాదు. మా తాత కార్తెలు చెప్పేవాడు, అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి, మృగశిర, ఆరుద్ర అని, పొలం గట్టు మీద నడుస్తూ. నడక వేగానికి తగ్గట్టు సాగేది ఆ లెక్క. సరిగ్గా అలాంటిది ఇది. నక్షత్రాలు 27, సముద్రాలు 31.

బీబీసీ రేడియో ఫోర్‌లో అది రోజుకు నాలుగుసార్లు వచ్చేది. రాత్రి 12.48కి, తెల్లవారుజామున 5.20కి, మధ్యాహ్నం 12.01కి, సాయంత్రం 5.54కి. ఆ ఒక్క నిమిషం, నలభై ఎనిమిది నిమిషాలు చూస్తేనే నాకు ముద్దొచ్చేది. మన రేడియో సమయపాలన తెలిసినవాళ్ళకు అర్థమవుతుంది. చదివేవాళ్ళకు కూడా మాటల లెక్క ఉంటుంది, అందుకే క్రియాపదాలుండవు. గాలి దిక్కు, గాలి బలం అంకెలో, వాన, చివరికి చూపు ఎంత దూరం ఆనుతుందో ఒక్క మాట. "నైరుతి ఐదు నుంచి ఏడు. వాన. గుడ్." మొదట్లో నాకు నవ్వొచ్చేది. వాన పడుతుందట, మంచిదట. వాన పడితే బాగుందనేది మా రైతులే అనుకున్నాను, వీళ్ళు కూడానా అని. ఆ గుడ్ సముద్రం మీద చూపు బాగా ఆనుతుందని చెప్పడానికి. పొగమంచు ఉంటే వెరీ పూర్ అంటారు.

షెఫీల్డ్‌లో సముద్రం లేదు. కత్తులు, చెంచాలు చేసిన ఉక్కు ఊరు అది, చుట్టూ కొండలు. మరి ఈవిడకు డాగర్‌లో గాలి ఎటు వీస్తే ఏమిటి? నేనడగలేదు, ఆవిడే చెప్పింది. పుట్టిల్లు హల్. హంబర్ నది సముద్రంలో కలిసే చోటుకు దగ్గర్లో ఉన్న రేవు పట్నం. అందులో హెస్సిల్ రోడ్డంతా చేపల ఓడలవాళ్ళే. నాన్న ట్రాలర్ మీద పని చేసేవాడు. మూడు వారాలు ఐస్‌లాండ్ వైపు మంచు సముద్రంలో, మూడు రోజులు ఇంట్లో. ఆ మూడు రోజులూ జేబులో డబ్బుతో రాజాలా తిరిగేవాడట. మళ్ళీ పడవ ఎక్కేవాడు. బయల్దేరిన రోజు ఇంట్లో బట్టలు ఉతకకూడదు. ఉతికితే నీళ్ళు ఆయన్ని కొట్టుకుపోయినట్టే.

ఆ మాట వినగానే నా చేతిలో కప్పు ఆగిపోయింది. మా ఇంట్లో ఎవరైనా ఊరెళితే వాళ్ళు గుమ్మం దాటిన వెంటనే ఇల్లు ఊడవకూడదు, ఆడవాళ్ళు తలంటుకోకూడదు. మా నాయనమ్మ చీపుర్లు దాచేసేది. ఇదే మాట చెప్పాను. ఆవిడ, ఇందులో వింతేముందన్నట్టు, తలూపింది. "అవును మరి."

1968లో, జనవరి ఫిబ్రవరి నెలల్లో, మూడే మూడు వారాల్లో హల్ నుంచి వెళ్ళిన మూడు ట్రాలర్లు మునిగిపోయాయి. 58 మంది పోయారు. మూడో ఓడ నుంచి ఒక్కడు బతికి బయటపడ్డాడు. అప్పుడు హెస్సిల్ రోడ్డు ఆడవాళ్ళు, లిలియన్ బిలోకా అనే ఆవిడ ముందుండి, రేవులో నిలబడ్డారు. ప్రతి ఓడలోనూ రేడియో ఆపరేటరు ఉండాలి, లేకపోతే కదలనివ్వం అని. లండన్ వెళ్ళి మంత్రులతో మాట్లాడి సాధించుకున్నారు. మా పక్కింటావిడకు అప్పటికే పెళ్ళయి షెఫీల్డ్ వచ్చేసింది. నాన్న కూడా అప్పటికి సముద్రం మానేశాడు. అయినా ఆ శీతాకాలం నుంచి రేడియో వినడం ఆపలేదంది. "హంబర్ అని వినపడే దాకా నిద్ర రాదు. వినపడ్డాక ఇక మెలకువ ఉండదు."

నా వంతు వచ్చింది. మాది దివిసీమ, నాగాయలంక దగ్గర పల్లె. 1977 నవంబరు 19, శనివారం. నాకు ఏడేళ్ళు. మా ఇంట్లో మర్ఫీ రేడియో ఉండేది. (ఆ మర్ఫీ కూడా మొదట ఇంగ్లండు కంపెనీయేనని ఆవిడే చెప్పింది.) సెల్లులు అయిపోయాయి. తాత వాటిని రెండు రోజులు ఎండలో పెట్టాడు, కాస్త గరగరమని మళ్ళీ నోరు మూసుకుంది. అవనిగడ్డ వెళ్ళినప్పుడు తెద్దాంలే అనుకున్నారు. రేడియో మాట్లాడి ఉంటే ఏం చేసేవాళ్ళమో నాకు తెలియదు. ఆ రాత్రి నీళ్ళు వచ్చాయి. మేము డాబా మీదికెక్కి బతికాం. గొడ్లు పోయాయి. పక్క వీధి పోయింది. ఆ ఉప్పెనలో అంతా కలిపి పది వేల మంది దాకా పోయారని ప్రభుత్వ లెక్క. జనం లెక్క ఇంకా ఎక్కువ. ఆ తర్వాత తాత బతికినన్నాళ్ళూ గూట్లో నాలుగు కొత్త సెల్లులు కాగితం కూడా విప్పకుండా ఉండేవి. విజయవాడ కేంద్రం వాతావరణ సమాచారం చెబుతుంటే ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. "మచిలీపట్నం, కాకినాడ రేవుల్లో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారు" అనే వాక్యం నాకు ఎక్కాల కంటే ముందు వచ్చు.

ఆవిడ ఏమీ అనలేదు. లేచి వెళ్ళి కెటిల్ నొక్కింది. వాళ్ళ పద్ధతి అది. కష్టం చెప్పుకున్నవాడికి ఓదార్పు మాటలు చెప్పరు, టీ పెడతారు. ఆ రోజు నుంచి నాకూ ఒక అలవాటైంది. రాత్రి గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ణి, హంబర్ దాకా విని.

2002 ఫిబ్రవరిలో ఒక రోజు ఆవిడ బాగా కోపంగా కనిపించింది. ఫినిస్టెర్ అనే పేరు తీసేశారట. స్పెయిన్‌వాళ్ళు అదే పేరును ఇంకో ప్రాంతానికి వాడుతున్నారు, రెండింటికీ తికమక అవుతుందని దాన్ని ఫిట్జ్‌రాయ్ చేశారు. యాభై ఏళ్ళుగా నోటికి ఉన్న పేరు, వీళ్ళెవరు మార్చడానికి అని ఆవిడ గొణుగుడు. ఆవిడ ఒక్కతే కాదు, పత్రికల్లో ఉత్తరాలు కూడా వచ్చాయి. మనకు ఊళ్ళ పేర్లు మారితే ఎలా గొడవ చేస్తామో, సముద్రం ముక్కకి వాళ్ళు అలా చేశారు.

ఎవరీ ఫిట్జ్‌రాయ్ అని నేను వాక్లీ లైబ్రరీకి వెళ్ళాను. 1905 నాటి కార్నెగీ లైబ్రరీ, మా ఇంటికి నడిచేంత దూరం. రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ డార్విన్‌ను ఎక్కించుకుని తిరిగిన బీగిల్ ఓడ కెప్టెను. 1854లో ఇంగ్లండు వాతావరణ శాఖను మొదలుపెట్టింది ఆయనే. 1859లో రాయల్ చార్టర్ అనే ఓడ వేల్స్ తీరం దగ్గర తుపానులో పగిలి 450 మంది దాకా చనిపోయారు. ముందే చెప్పగలిగితే ఇంతమంది పోరు కదా అని ఆయన పట్టుబట్టి, 1861 నుంచి రేవుల్లో స్తంభాలకు నల్లటి డ్రమ్ములు, శంకువులు ఎగరేయించడం మొదలుపెట్టాడు. ఆ బొమ్మ చూసి పుస్తకం మూసి మళ్ళీ తెరిచాను. బందరు రేవులో మా తాత నాకు చూపించిన స్తంభం అది. పగలు డ్రమ్ము, శంకువు, రాత్రి దీపాలు. వాతావరణానికి "ఫోర్‌కాస్ట్" అన్న మాట వాడింది కూడా ఆయనే. చెప్పింది తప్పినప్పుడల్లా పత్రికలు ఎగతాళి చేసేవి. 1865లో ఆయన తన ప్రాణం తనే తీసుకున్నాడు.

దానికి సరిగ్గా ముందరి ఏడాది, 1864 నవంబరు 1న, బందరును ఉప్పెన ముంచింది. 30,000 మంది. మాకప్పుడు డ్రమ్మూ లేదు, శంకువూ లేదు. కలకత్తా కూడా అదే ఏడాది అక్టోబరులో తుపానుకు దెబ్బతింటే, మరుసటి ఏడాది అక్కడ హెచ్చరికలు మొదలుపెట్టారు. భారత వాతావరణ శాఖ పుట్టేసరికి 1875 అయింది. వాళ్ళ రేవుకు 1861, మన దేశానికి 1875. ఈ తేడా మీద నాకు కోపం ఉంది. ఆ ముసలాయన మీద మాత్రం లేదు. పక్కింటావిడతో అన్నాను, ఫినిస్టెర్ పోతే పోనివ్వండి, ఆయన పేరుకు ఓ సముద్రం ఉండాల్సిందే అని. "ఊఁ" అంది. ఒప్పుకున్నట్టు కాదు. చనిపోయేదాకా ఫినిస్టెర్ అనే అనుంటుంది.

ఆ ఏప్రిల్‌లో మా ఆవిడ, చంటిపిల్లతో వచ్చింది. వస్తూ వస్తూ సూట్‌కేసులో గోంగూర విత్తనాలు తెచ్చింది. కిటికీ గట్టు మీద కుండీల్లో వేశాం. జానెడు పెరిగాయి, షెఫీల్డ్ గాలి తగిలి ముడుచుకుపోయాయి. మా ఆవిడ బాధ చూసి పక్కింటావిడ (అప్పటికి మా ఇద్దరికీ ఆవిడ మామ్మగారైపోయింది) తన అలాట్‌మెంట్‌కు తీసుకెళ్ళింది. అలాట్‌మెంటంటే, ఊరి కౌన్సిల్ తక్కువ కౌలుకు ఇచ్చే తోట ముక్క. పూర్తి ముక్క పది రాడ్లు, సుమారు 250 చదరపు మీటర్లు, మన లెక్కలో ఆరు సెంట్లు. యుద్ధంలో తిండి కరువైనప్పుడు దేశమంతా ఈ ముక్కల్లోనే కూరగాయలు పండించుకున్నారు. లాయరు, కమ్మరి పక్కపక్కన బంగాళాదుంపలు తవ్వుకుంటారు. ఒక చెక్క గుడిసె, రెండు విరిగిన కుర్చీలు, ఒక ఫ్లాస్కు. వాళ్ళ స్వర్గం అది. నాకూ నచ్చింది.

వచ్చేటప్పుడు మామ్మగారు ఒక మోపు ఆకు చేతిలో పెట్టింది. ఎర్రటి కాడలు, చేటలంత ఆకులు. రూబార్బ్ అంది, పుల్లగా ఉంటుంది, ఎంచక్కా వండుకోండి అంది. ఎర్ర కాడ, పులుపు. ఇంకేం కావాలి? మా ఆవిడ ఇంటికి రాగానే గోంగూర వలిచినట్టు ఆకులన్నీ వలిచి పెట్టింది, కాడలు చెత్తబుట్టలో వేసింది. నూనె కాగుతోంది. అంతలో మామ్మగారు మర్చిపోయిన చేతి తొడుగుల కోసం తలుపు కొట్టింది. వంటింట్లోకి చూసి ఒక్క కేక. రూబార్బ్ ఆకు విషం. తినేది కాడ. మొదటి ప్రపంచ యుద్ధంలో కూరగాయల కొరతకు ఈ ఆకులు కూడా తినవచ్చని ఎవరో సలహా ఇస్తే, తిన్నవాళ్ళు ఆస్పత్రి పాలయ్యారట. వలిచింది పారేసి, పారేసింది కడిగి తెచ్చాం. ఒక జాతి గోంగూర ఇంకో జాతికి తలకిందులుగా ఉంటుందని ఆ రోజు తెలిసింది.

కాడలు ముక్కలు చేసి నూనెలో వేస్తే ఐదు నిమిషాల్లో కరిగి ముద్దయిపోయాయి. ఎండుమిర్చి, మెంతులు, ఆవాలు వేయించి దంచి, వెల్లుల్లి, ఇంగువ పోపు. రంగు గులాబీ, అదొక్కటే లోటు. కళ్ళు మూసుకుని వేడన్నంలో కలుపుకుంటే గోంగూరకు మేనకోడలు. పప్పులో వేస్తే ఇంకా బాగుంది. ఒక సీసాలో పెట్టి మామ్మగారికి ఇచ్చాం. మా ఎదురుగానే చెంచాతో నోట్లో వేసుకుంది. ముక్కు ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గ్లాసెడు నీళ్ళు తాగి "ఇంటరెస్టింగ్" అంది. మా ఆవిడ పొంగిపోయింది. నేను నీరసించిపోయాను. ఇంగ్లండులో ఆరు నెలలున్నవాడికి తెలుస్తుంది, ఇంటరెస్టింగ్ అంటే ఇంకెప్పుడూ పెట్టొద్దని అర్థం. నాట్ బ్యాడ్ అంటేనే అద్భుతం. వారం తర్వాత సీసా గుమ్మంలో కనిపించింది, కడిగి, ఖాళీగా. పక్కనే ఇంకో మోపు కాడలు, ఆకులు కోసేసినవి. జున్ను శాండ్‌విచ్‌లో పెట్టుకుని తిన్నదట. "నాట్ బ్యాడ్" అంది.

తర్వాత ఒక ఫిబ్రవరిలో మమ్మల్ని వేక్‌ఫీల్డ్ వైపు తీసుకెళ్ళింది, రూబార్బ్ చీకటి కొట్లు చూపించడానికి. అక్కడ దుంపల్ని చలికాలం చీకటి షెడ్లలో పెట్టి వెచ్చగా ఉంచుతారు, వెలుగు కోసం వెతుక్కుంటూ కాడలు లేతగా, ఎర్రగా పొడుచుకొస్తాయి. కోసేవాళ్ళు కొవ్వొత్తి వెలుగులో కోస్తారు. ఒక కొట్లో మమ్మల్ని మాట్లాడొద్దన్నారు. చెవులు రిక్కిస్తే, అక్కడా ఇక్కడా టప్ టప్ మని చప్పుడు. మొగ్గలు విచ్చుకునే చప్పుడు. మా పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నచ్చిన ఇంకో సంగతి దారులు. ఆదివారం షెఫీల్డ్‌లో రైలెక్కితే కాసేపట్లో హేథర్‌సేజ్, ఈడేల్ అనే కొండ పల్లెలు. రాతి గోడల మధ్య ఎవరిదో పొలం, అందులోంచి నడిచి వెళ్ళమని చెక్క ముక్క మీద పసుపు బాణం. మొదటిసారి నేను గోడ దాటలేదు. మన దగ్గర ఎవరి చేలోనైనా అడుగుపెడితే ముందు కుక్క వస్తుంది, తర్వాత కర్ర వస్తుంది. మామ్మగారు గోడకు కట్టిన రాతిమెట్లు ఎక్కి అవతలికి దిగి, "పొలం ఆయనది, దారి మనది" అంది. కొండల మీద నడిచే హక్కు మాత్రం ఊరికే రాలేదు. 1932 ఏప్రిల్ 24న కిండర్ స్కౌట్ కొండ మీదికి, ప్రభువుల వేట భూమిలోకి, మాంచెస్టర్, షెఫీల్డ్ కార్మికులు వందలమంది కావాలనే చొరబడ్డారు. ఐదుగురిని జైల్లో పెట్టారు. 1951లో దేశపు తొలి జాతీయ ఉద్యానం ఆ కొండలకే వచ్చింది. మ్యాపులో ఆ దారులు పచ్చ చుక్కగీతలుగా ఉంటాయి, ఒక్కోటి వందల ఏళ్ళ నాటిది. పంట వేసినా రైతు దారి వదలాల్సిందే. మా ఊరి డొంకల్లో సగం పొలాల్లో కలిసిపోయాయి. తాత కార్తెలు చెబుతూ నడిచిన డొంక ఇప్పుడు రొయ్యల చెరువు.

క్యూ గురించి అందరూ రాస్తారు, నేను రాయను. పాత వస్తువుల ఛారిటీ దుకాణాల గురించి కూడా వదిలేస్తున్నా, మా ఇంట్లో సగం గిన్నెలు అక్కడివేనని మాత్రం చెప్పి. కొండ మీద బెంచీల గురించి ఒక్క మాట. మన దగ్గర గుళ్ళో ఫ్యాను రెక్క మీద కూడా దాత పేరు, ఊరు, గోత్రం ఉంటాయి. అక్కడ బెంచీ వీపు మీద చిన్న రేకు. పోయిన మనిషి పేరు, కింద "ఈ చోటంటే ఆమెకు ఇష్టం" అని. అంతే. ఎంత ఇచ్చారో, ఎవరిచ్చారో ఉండదు. ఆ బెంచీల మీద కూర్చుని తెలియని మనుషులకు ఇష్టమైన వైపు చూస్తూ చాలా పులిహోర తిన్నాం.

2009లో తిరిగొచ్చేశాం. మామ్మగారు ఇల్లు అమ్మేసి హల్ దగ్గర కూతురి ఇంటికి వెళ్ళింది. క్రిస్మస్ కార్డులు వచ్చేవి, నాలుగు ముక్కలు, క్రియాపదాలు లేకుండా. "తడి వేసవి. రూబార్బ్ బాగుంది. మోకాలు బాలేదు." 2014 తర్వాత కార్డు రాలేదు.

ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాం. చలికాలం వాళ్ళ 12.48 మనకు పొద్దున 6.18. పాలు పొంగే వేళ. ఫోన్‌లో పెట్టుకుని కాఫీ కలుపుతాను. వైకింగ్, నార్త్ ఉట్సీరా, సౌత్ ఉట్సీరా... హంబర్ దాకా వచ్చాక గ్లాసు చేతిలోకి తీసుకుంటాను. మొన్న నవంబరులో బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో అంటున్నారు. మా ఆవిడ డాబా మీద వడియాలు ఎండబెట్టాలా వద్దా అని రెండుసార్లు అడిగింది. నేను వినిపించుకోలేదట. వచ్చి గ్యాస్ కట్టేసి, "ఏవండీ, బందరులో వానుందో లేదో కనుక్కోమంటే మీరు డాగర్‌లో గాలి వింటున్నారు" అంది. పాలు పొయ్యి మీదంతా పొంగిపోయాయి.